గుర్రం తోక వెంట్రుకల నుంచి స్టీల్ తీగ దాకా: బాస్ గిటార్‌కి ఏ స్ట్రింగ్స్ వేయాలి?

బాస్ గిటార్ నేర్చుకునే తమ్ముళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, ఏ స్ట్రింగ్స్ వేస్తే మంచిది?" ఒక బ్రాండ్ పేరు చెప్పి వదిలేయొచ్చు. కానీ ఈ ప్రశ్నకు మన ఆదిలాబాద్‌లో ఎప్పట్నుంచో ఒక జవాబు ఉంది. ముందు అక్కడికి పోదాం.

రాజ్‌గోండుల వంశ కథలు, దేవతల కథలు పాడేవాళ్లు ప్రధాన్లు. ఆ చరిత్ర తరతరాలుగా పుస్తకాల్లో కాదు, వీళ్ల గొంతుల్లో బతికింది. వాళ్ల చేతిలో ఉండే వాద్యం కిక్రి. మూడు తీగలు, కమానుతో వాయిస్తారు. తీగ అనగానే ఇనుప తీగ అనుకునేరు. కాదు, గుర్రం తోక వెంట్రుకలు! 1940ల్లో ఇక్కడి గోండు గూడేల్లో ఉండి పరిశోధన చేసిన హైమెన్‌డార్ఫ్, 1948లో ఆదిలాబాద్ రాజ్‌గోండుల మీద పెద్ద పుస్తకం తెచ్చాడు. గోండుల జీవితంలో ప్రధాన్ల పాటకు ఎంత విలువుందో ఆయన రాశాడు.

మరి వెంట్రుకలే ఎందుకు? స్టీల్ తీగ మీటితే గణగణా చాలాసేపు మోగుతుంది. వెంట్రుకల కట్ట అట్లా మోగదు. కాస్త బొంగురుగా, మనిషి గొంతుకు దగ్గరగా పలుకుతుంది. పాడేవాళ్ల మాటను మింగేయదు. కథ చెప్పేటప్పుడు ముఖ్యం మాటే కదా. మంగోలియా వాళ్ల మొరిన్ ఖూర్‌కి కూడా గుర్రపు వెంట్రుకల తీగలే ఉంటాయి.

ఇప్పుడు బాస్‌కి వద్దాం. కింది స్వరం పలకాలంటే తీగ పొడుగన్నా ఉండాలి, వదులన్నా ఉండాలి, బరువన్నా ఉండాలి. మరీ పొడుగైతే చెయ్యి అందదు. మరీ వదులైతే ఫ్రెట్స్‌కి తగిలి గరగరమంటది. మిగిలింది బరువు. ఒకే లావు తీగ వేస్తే అది కడ్డీ లాగా బిగుసుకుపోతుంది. అందుకే లోపల సన్నటి తీగ పెట్టి, దాని మీద ఇంకో తీగ చుడతారు. యూరప్‌లో గొర్రె పేగు తీగల మీద లోహపు తీగ చుట్టడం 17వ శతాబ్దంలోనే మొదలైంది.

1951లో అమెరికాలో లియో ఫెండర్ ప్రెసిషన్ బాస్ తెచ్చాడు. తీగ పొడవు 34 అంగుళాలు. మొదట్లో ఫ్లాట్‌వౌండ్ తీగలు, అంటే పైన చదునైన పట్టీ చుట్టినవి వేసేవారు. చేతికి నున్నగా ఉంటాయి, శబ్దం గుండ్రంగా, మెత్తగా వస్తుంది. మోటౌన్ పాటల్లో వినిపించే జేమ్స్ జేమర్సన్ ఇవే వాడేవాడు. తెగితే తప్ప మార్చేవాడు కాదని పేరు.

1966లో లండన్‌లో కథ మారింది. ద హూ బ్యాండ్ బాసిస్ట్ జాన్ ఎంట్విసిల్, రోటోసౌండ్ కంపెనీతో కూర్చొని రౌండ్‌వౌండ్ తీగలు చేయించుకున్నాడు. ఇవి గుండ్రటి తీగ చుట్టినవి. పియానో లాగా ఖంగున మోగుతాయి. బాస్ వెనక నుంచి ముందుకొచ్చింది.

సరే, మీరేం కొనాలి? పాడేవాళ్ల వెనక నిలబడాలంటే ఫ్లాట్‌వౌండ్. రాక్ వాయించాలన్నా, బాస్ ముందుకు వినిపించాలన్నా రౌండ్‌వౌండ్. లావు సంగతికొస్తే, నాలుగు తీగల బాస్‌కి 45 నుంచి 105 సెట్ తీసుకోండి. ఈ నంబర్లు అంగుళంలో వెయ్యో వంతు లెక్క. శ్రుతి ఇంకా కిందికి దించుతారా? ఇంకొంచెం లావు సెట్ చూడండి. వేళ్లు నొస్తే 40 సెట్. స్టీల్‌కి పదునెక్కువ, కానీ ఫ్రెట్స్ తొందరగా అరుగుతాయి. నికెల్ పూసినవి కొంచెం మెత్తన. కొనేముందు మీ బాస్ 34 అంగుళాలదా, 30దా చూసుకోండి.

ఒక విషయం గుర్తుపెట్టుకోండి. బాస్‌లో లావు తీగ 41 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. ఫోన్ స్పీకర్‌లో అది దాదాపు రాదు. మీకు వినపడేది దాని పైస్వరాలే. తీగను ఫోన్ స్పీకర్‌లో విని తేల్చకండి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకొని వినండి.

ఇదంతా ఇప్పుడెందుకంటే, కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ దాకా మన పిల్లలు ఫోక్ పాటలు రికార్డు చేస్తున్నారు. సంతోషం. రేపు మీలో ఎవరో ఒక ప్రధాన్ కళాకారుడి పాటకు బాస్ వాయిస్తారు. ఖంగున మోగే కొత్త తీగలేసి, వాల్యూమ్ పెంచి కొట్టారనుకోండి, కిక్రి వినపడదు, మాట వినపడదు. ఆ మాటల్లో ఉన్నది ఒక జాతి చరిత్ర. ఊళ్లో విన్నవాళ్లు తగ్గిపోయాక, మీ రికార్డింగే దానికి మిగిలే సాక్ష్యం కావచ్చు.

కాబట్టి షాపుకు పోయేముందు "ఏది బెస్ట్?" అని అడగొద్దు. "నేను ఎవరి పక్కన వాయిస్తున్నా?" అని అడుక్కోండి. తీగ దానంతటదే తేలిపోతుంది. మీ బాస్ మీద ఇప్పుడు ఏ తీగలున్నాయో నాకు చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి!