గోల్కొండ, గని: ఒక స్థలనామం ఆంగ్లంలో జాతివాచకమైన తీరు

ప్రవేశిక

స్థలనామాలు పరభాషలోకి వెళ్లినప్పుడు ఉచ్చారణ మారడం సహజం. అర్థమే మారి, ఊరితో సంబంధం తెగిపోవడం అరుదు. ఆంగ్లంలో ‘గోల్కొండ’ పొందిన పరిణామం అలాంటిది. మెరియం-వెబ్‌స్టర్ నిఘంటువు దీన్ని చిన్న అక్షరంతో, జాతివాచకంగా నమోదు చేసింది. సంపన్నమైన గని అనీ, విశేష సంపదకు మూలమనీ అర్థం చెప్పింది. 19వ శతాబ్దపు ఆంగ్లంలో విరివిగా వినిపించిన ఈ మాట నేడు పాతబడింది. ఈ అర్థపరిణామాన్నీ, తెలుగు చరిత్ర రచనపై దాని ప్రభావాన్నీ పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

నామం, రాజ్యం

గొల్ల, కొండ అనే రెండు పదాల కలయికగా ‘గోల్కొండ’ను వివరించడం ప్రసిద్ధం. కాకతీయుల నాటి కోట బహమనీల చేతికి వెళ్లింది. 1518 నుంచి 1687 వరకు అది కుతుబ్‌షాహీల ఏలుబడిలో ఉంది. సుల్తాన్ కులీ దీనికి ‘మహమ్మద్‌నగర్’ అని పేరు పెట్టినా జనవ్యవహారంలో పాత పేరే నిలిచింది. రాజధాని పేరు రాజ్యానికీ చెల్లింది. మచిలీపట్నంలో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా పనిచేసిన విలియం మెథ్‌వోల్డ్ రచన 1626లో అచ్చయినప్పుడు, దాని శీర్షికలోని ‘గోల్కొండ’ రాజ్యాన్నే సూచించింది.

కోట ఒకచోట, గని మరొకచోట

గోల్కొండ కోట వద్ద వజ్రాల గనులు లేవు. ఆ రాజ్యపు గనుల్లో ప్రసిద్ధమైన కొల్లూరు కృష్ణా తీరంలో, నేటి పల్నాడు ప్రాంతంలో ఉండేది. ఇప్పుడది పులిచింతల జలాశయపు ముంపులో ఉంది. గోల్కొండ వజ్రాల విపణి, రాజ్యాధికార కేంద్రం. 1676లో వెలువడిన తన యాత్రాగ్రంథంలో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే ఈ దూరాన్ని స్పష్టంగా చెప్పాడు. కొల్లూరు గోల్కొండకు తూర్పున ఏడు రోజుల ప్రయాణమని రాశాడు. చిరుధాన్యం విత్తడానికి నేల తవ్వుతున్న పేదవాడికి మొదటి రాయి దొరికిందనీ, తాను చూసిన కాలంలో సుమారు 60,000 మంది అక్కడ పనిచేసేవారనీ, మగవారు తవ్వితే స్త్రీలూ పిల్లలూ మట్టి మోసేవారనీ నమోదు చేశాడు.

ఆ గ్రంథంలో తెలుగు పరిశోధకులు గమనించదగిన మరో అంశం ఉంది. ఆ గనిని దేశభాషలో ‘గని’ అనీ, పారశీకంలో ‘కొల్లూరు’ అనీ అంటారని టావెర్నియే రాశాడు. ‘గని’ తెలుగులో జాతివాచకమనీ, ‘కొల్లూరు’ తెలుగు ఊరిపేరేననీ అతను గుర్తించలేదు. 1889లో ఆ గ్రంథాన్ని ఆంగ్లీకరించిన భూగర్భశాస్త్రవేత్త వాలెంటైన్ బాల్ ఆ స్థలాన్ని కొల్లూరుగా నిర్ధారించాడు. ఐరోపా రచనలో తెలుగు ‘గని’ ఊరిపేరైంది. తెలుగు ఊరిపేరు ‘గోల్కొండ’ ఆంగ్లంలో గని అయింది.

అర్థపరిణామ స్వరూపం

అలంకారశాస్త్ర పరిభాషలో ఇది లక్షణ. ‘గంగలో గొల్లపల్లె’ అన్నప్పుడు సామీప్యం వల్ల గంగ అనే మాట గంగాతీరాన్ని చెబుతుంది. గోల్కొండ విషయంలో సామీప్యం లేదు. ఉన్నది స్వస్వామిభావ సంబంధం. సొత్తు కృష్ణాతీరానిది, పేరు దాని ఏలికది. తరువాతి దశలో ఆ సంబంధం కూడా మరుగునపడి లక్ష్యార్థం రూఢి అయింది. అమెరికాలో ఇల్లినాయ్, నెవాడా రాష్ట్రాల్లో గోల్కొండ అనే ఊళ్లు ఉన్నాయి. టెంపుల్ విశ్వవిద్యాలయ స్థాపకుడు రసెల్ కాన్వెల్ తన ప్రసిద్ధ ఉపన్యాసంలో గోల్కొండ గనులు సింధునదికి చేరువలోని ఒక పారశీక రైతు పొలంలో బయటపడినట్లు కథ చెప్పాడు. కృష్ణ స్థానంలోకి సింధు రావడం, ఆ పదం తన భూగోళాన్ని ఎంతగా పోగొట్టుకుందో తెలుపుతుంది. నేటి రత్నవ్యాపారంలోనూ ‘గోల్కొండ వజ్రం’ అనే మాట కొన్ని సందర్భాల్లో పుట్టుకను గాక స్వచ్ఛతను సూచించే విశేషణంగా మారింది.

తెలుగులో గోల్కొండ

తెలుగులో ఈ పేరు భిన్నమైన దారి పట్టింది. సురవరం ప్రతాపరెడ్డి 1926లో ‘గోలకొండ పత్రిక’ను ప్రారంభించారు. తెలంగాణలో కవులు లేరన్న వ్యాఖ్యకు సమాధానంగా 354 మంది కవులతో 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను వెలువరించారు. అక్కడ గోలకొండ అంటే ధనం కాదు. ఒక ప్రాంతపు సాహిత్యాస్తిత్వం. ఆంగ్లంలో నేలకు దూరమైన పేరు తెలుగులో నేలను చాటింది.

ముగింపు

ఈ రెండు అర్థాలను వేరుచేసి చూడడం అనువాదకులకూ చరిత్రకారులకూ అవసరం. ఆంగ్ల రచనలో జాతివాచకంగా కనిపించే ‘గోల్కొండ’ను తెలుగులోకి ఊరిపేరుగానే తెస్తే అర్థం చెడుతుంది, ‘రత్నాల గని’, ‘కుబేర భాండాగారం’ వంటి పదబంధాలు సందర్భాన్నిబట్టి సరిపోతాయి. చరిత్ర రచనలో ‘గోల్కొండ గనులు’ అనే ఆంగ్లమార్గపు ప్రయోగానికి బదులు ‘గోల్కొండ రాజ్యపు గనులు’ అనడం, వీలైనచోట కొల్లూరు వంటి ఊరిపేరే చెప్పడం సమంజసం. నీట మునిగిన కొల్లూరుకూ, అక్కడ మట్టి మోసిన వేలమందికీ తెలుగు రచనలో చోటు మిగలాలంటే ఆ పేరు పలకాలి.