జనరేటర్ పొగ (ఇంజన్ ఆయిల్ ఎక్కువైనప్పుడు)

చేత్తో మోసుకెళ్లే పెట్రోలు జనరేటర్‌లో ఇంజన్ ఆయిల్ హద్దు దాటితే సైలెన్సర్ నుంచి నీలి ఛాయ ఉన్న తెల్లటి పొగ దట్టంగా వస్తుంది. చూసేవారికి ఇంజన్ కాలిపోయిందనే భయం కలుగుతుంది. చాలా సందర్భాల్లో ఇంజన్ బాగానే ఉంటుంది, చేరకూడని చోటికి చేరిన ఆయిల్ అక్కడ కాలుతూ ఉంటుంది. అందువల్ల ఎక్కువైన ఆయిల్ తీసేయడం మరమ్మతులో మొదటి మెట్టు మాత్రమే. ఆయిల్ ఏ దారిన వెళ్లిందో ఆ దారంతా శుభ్రం చేస్తేనే పని పూర్తవుతుంది. ఇక్కడ చెప్పేదంతా గాలితో చల్లబడే, ఒకే సిలిండర్ ఉన్న నాలుగు స్ట్రోకుల ఇంజన్ల గురించి. పెట్రోలులోనే ఆయిల్ కలిపి నడిపే రెండు స్ట్రోకుల సెట్లలో కాస్త పొగ సహజమే.

కొలత, పొరపాట్లు

ఈ తరగతికి మంచి నమూనా 1983లో మొదలైన హోండా జీఎక్స్ శ్రేణి. అందులో 163 సీసీ జీఎక్స్160కి, 196 సీసీ జీఎక్స్200కి దాదాపు 0.6 లీటరు ఆయిల్ పడుతుంది. 389 సీసీ జీఎక్స్390కి 1.1 లీటర్లు కావాలి. సూట్‌కేసులా పట్టుకెళ్లే 121 సీసీ ఇన్వర్టర్ సెట్‌కు 0.4 లీటరు చాలు. బజారులో బైకు ఆయిల్ ఎక్కువగా 900 మి.లీ., లీటరు డబ్బాల్లో దొరుకుతుంది. డబ్బాలో మిగల్చడం ఎందుకని మొత్తం వంపేయడం తరచుగా జరిగే పొరపాటు.

జీఎక్స్ వంటి ఇంజన్లలో ఆయిల్ పోసే రంధ్రం కింది అంచే పై హద్దు. సెట్ బల్లపరుపు నేల మీద ఉంటే ఎక్కువైన ఆయిల్ దానంతట అదే బయటికి కారిపోతుంది. సెట్‌ను పక్కకు వంచి పోసినప్పుడు, ఏటవాలు నేల మీద పెట్టి పోసినప్పుడు ఈ రక్షణ పోతుంది.

గేజ్ పుల్లతో చూసే పద్ధతి అన్ని ఇంజన్లకూ ఒకటి కాదు. జీఎక్స్‌లో పుల్లను మర తిప్పకుండా ఊరికే దించి చూడాలి. పూర్తిగా బిగించి చూడమనే తయారీదారులూ ఉన్నారు. బిగించి చూడాల్సిన ఇంజన్‌లో ఊరికే దించి చూస్తే ఆయిల్ తక్కువున్నట్టు కనిపిస్తుంది, దాంతో ఇంకా పోస్తారు. ఈ విషయంలో ఆ సెట్‌తో వచ్చిన పుస్తకం మాటే ప్రమాణం. ఆయిల్ తగ్గితే ఇంజన్‌ను ఆపే సెన్సర్ చాలా సెట్లలో ఉంటుంది గాని, ఎక్కువైతే అది హెచ్చరించదు.

పొగ పుట్టే తీరు

ఈ ఇంజన్లలో చాలావాటికి ఆయిల్ పంపు ఉండదు. కనెక్టింగ్ రాడ్ అడుగున గరిటె లాంటి చిన్న కొన ఆయిల్‌ను చిమ్ముతూ భాగాలను తడుపుతుంది. 50 హెర్ట్జ్ కరెంటు ఇచ్చే మామూలు సెట్‌లో క్రాంక్ నిమిషానికి సుమారు 3,000 సార్లు, అంటే సెకనుకు 50 సార్లు తిరుగుతుంది. ఆయిల్ మట్టం పెరిగితే క్రాంక్ దాన్ని మజ్జిగ చిలికినట్టు చిలికి నురగ చేస్తుంది. నురగలో గాలి ఎక్కువ కాబట్టి భాగాల మధ్య ఆయిల్ పొర పలచబడుతుంది. తుంపరగా మారిన ఆయిల్ బ్రీదర్ గొట్టం ద్వారా ఎయిర్ ఫిల్టర్ వైపు వెళ్లి, కార్బురేటర్ గుండా సిలిండర్‌లోకి చేరి కాలుతుంది. కొంత ఆయిల్ పిస్టన్ రింగులను దాటి కూడా పైకి వస్తుంది. కాలకుండా మిగిలింది సైలెన్సర్‌లో పేరుకుంటుంది.

పొగ రంగు మంచి సాక్ష్యం. నీలి ఛాయ ఆయిల్‌కు గుర్తు. నల్ల పొగ వస్తే పెట్రోలు ఎక్కువై గాలి చాలడం లేదని అర్థం. ఆయిల్‌లో నానిన ఫిల్టర్ వల్ల ఈ రెండూ కలిసి రావచ్చు.

సరిచేసే క్రమం

మొదట ఇంజన్ ఆపి చల్లారనివ్వాలి. సెట్‌ను సమంగా నిలబెట్టి, డ్రెయిన్ బోల్టు నుంచి గాని సిరంజికి గొట్టం తగిలించి గాని, మట్టం హద్దుకు దిగేదాకా ఆయిల్ తీయాలి. సెట్‌ను వంచక తప్పకపోతే ఎయిర్ ఫిల్టర్ ఉన్న వైపు పైకి ఉండాలి.

స్టార్టర్ తాడు లాగితే కదలక బిగుసుకుపోయిందంటే సిలిండర్‌లోకి ఆయిల్ చేరి ఉండవచ్చు. అప్పుడు బలవంతంగా లాగితే కనెక్టింగ్ రాడ్ వంగే ప్రమాదం ఉంది. స్విచ్ ఆపి, స్పార్క్ ప్లగ్గు విప్పి, దాని క్యాప్‌ను దూరంగా పెట్టి తాడు మెల్లగా లాగాలి. ప్లగ్గు రంధ్రం నుంచి ఆయిల్ చివ్వున చిమ్ముతుంది కాబట్టి ముఖం పక్కకు ఉంచి, రంధ్రం ముందు గుడ్డ అడ్డం పెట్టాలి. ఆ గుడ్డకు తడి అంటడం మానేదాకా లాగాలి. తరువాత ప్లగ్గు తుడిచి, జీఎక్స్160లో అయితే గ్యాప్ 0.7–0.8 మి.మీ. ఉందో లేదో చూసి బిగించాలి.

స్పాంజి ఫిల్టర్‌ను సబ్బు నీటిలో పిండి ఆరబెట్టి, కొద్ది చుక్కల ఆయిల్ పట్టించి, గట్టిగా పిండి పెట్టాలి. కాగితపు ఫిల్టర్ ఆయిల్‌లో నానితే మార్చడమే దారి. ఫిల్టర్ పెట్టె అడుగు, బ్రీదర్ గొట్టం కూడా తుడవాలి. చివరగా ఆరుబయట, మోస్తరు లోడు మీద నడిపితే సైలెన్సర్‌లో పేరుకున్న ఆయిల్ కాలిపోతుంది. ఇందుకు కొన్ని నిమిషాలు చాలవచ్చు, బాగా నానిన సైలెన్సర్‌కు అరగంట దాటవచ్చు. పొగ క్రమంగా పలచబడుతుంటే పని సరైన దారిలో ఉన్నట్టే.

భిన్నాభిప్రాయాలు

ఎక్కువైన ఆయిల్ దానంతట అదే కాలిపోతుంది, అలాగే నడపవచ్చని కొందరంటారు. నురగ వల్ల భాగాలు అరిగే ప్రమాదాన్ని బట్టి చూస్తే ముందు ఆయిల్ తీసేయడమే మేలు. ఆయిల్ ఎక్కువైతే సీళ్లు తప్పక పోతాయనే మాట కూడా మెకానిక్కుల నోట వినిపిస్తుంది. బ్రీదర్ మూసుకుపోయి లోపల ఒత్తిడి పెరిగినప్పుడే ఆ ముప్పు ఎక్కువన్న వివరణ నమ్మదగినదిగా ఉంది.

మట్టం సరిచేశాక కూడా పొగ తగ్గకపోతే రింగులు, వాల్వ్ గైడ్లు, బ్రీదర్ వాల్వ్ పరీక్షించాలి. ఎవరూ పోయకుండానే ఆయిల్ మట్టం పెరిగి, పుల్లకు పెట్రోలు వాసన వస్తుంటే కార్బురేటర్ సూది కారుతున్నట్టు అనుమానించాలి. పెట్రోలుతో స్టార్ట్ చేసి కిరోసిన్ మీద నడిపే సెట్లలో కాలని కిరోసిన్ కూడా ఇలాగే ఆయిల్‌లో కలుస్తుంది. అప్పుడు కొంత తీస్తే సరిపోదు, ఆయిల్ మొత్తం మార్చాలి.

భద్రత

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటాక ఆ ప్రాంతంలో రోజుల తరబడి కరెంటు లేదు. ఇంటి జనరేటర్ పనిలోకి వచ్చేది అలాంటి వేళల్లోనే, వాన తగలకుండా దాన్ని వరండాలోకి జరపాలనిపించేదీ అప్పుడే. పొగ ఆగినంత మాత్రాన సెట్ నిరపాయకరం కాదు. పొగ కంటికి కనిపిస్తుంది, ఘాటుకు మనిషి లేచి బయటికి వస్తాడు. ప్రాణం తీసే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు, అది చక్కగా నడిచే ఇంజన్ నుంచి కూడా వస్తూనే ఉంటుంది. కనుక మరమ్మతు చేసేటప్పుడూ, చేశాకా జనరేటర్ ఇంటి బయటే ఉండాలి. తలుపులకూ కిటికీలకూ కనీసం 6 మీటర్ల దూరంలో, సైలెన్సర్ ఇంటి వైపు తిరిగి లేకుండా పెట్టాలి.