కావలి దేనికి?



పనిచోట కావలివాండ్రను నిలిపి వచ్చువారిని పోవువారిని సోదా చేయుట నేటి కర్మాగారములతో పుట్టిన యాచారము కాదు. 1909లో మైసూరున శామశాస్త్రిగారు ప్రకటించిన కౌటిల్యుని అర్థశాస్త్రమున బంగారుపని జరుగు అక్షశాలను గూర్చి యొక ప్రకరణము కలదు. పనివారు లోనికి పోవునపుడును వెలికి వచ్చునపుడును వారి వస్త్రములను, హస్తములను, గుహ్యస్థానములను సైతము పరీక్షింపవలెననియు, పనిముట్లును సగము చేసిన నగలును అచ్చటనే యుండవలెననియు నందు విధింపబడినది. ఇంత కట్టుదిట్టము చెప్పిన యాచార్యుడే, అధికారులు రాజధనమును హరించు మార్గములు 40 కలవని లెక్కించెను. కూలివాని కొంగు వెదకుట సులభము. లెక్క వ్రాయువాని కలమును వెదకుట కష్టము.

17వ శతాబ్దమున ఫ్రాన్సుదేశపు రత్నవర్తకుడు టావెర్నియే దక్కనులోని వజ్రపుగనులను స్వయముగా చూచి, 1676లో పారిసున తన యాత్రాగ్రంథమును ప్రకటించెను. ఆయన వ్రాతను బట్టి గనికూలికి సంవత్సరమునకు మూడు వరహాలే జీతము. ఒంటిమీద గోచిగుడ్డ మాత్రమే. 50 మంది కూలీలకు 12 లేక 15 మంది కావలివాండ్రు. అనగా ముగ్గురు నలుగురికి ఒక్కడు! అయినను కూలీలు రాళ్లను మ్రింగుచునే యుండిరి. ఒకడు రెండు కారట్లకు చేరువైన రాతిని కంటికొలికిలో దాచెను. పెద్దరాయి దొరికినవాడు మాత్రము దానిని యజమానునికి తెచ్చియిచ్చి, తలపాగాగుడ్డయు కొంత సొమ్మును బహుమానముగా పొందుచుండెను. పెద్దరాతిని దాచుట కష్టమే, నిజము. కాని బహుమానమునకును అందు పాలు లేదనలేము. మూడు వరహాల జీతము పుట్టించిన దొంగతనమును కావలివాని కన్ను మాన్పలేకపోయెను.

అట్లయిన సోదా యంతయు వ్యర్థమా? కాదు. మన చెన్నూరునకు చేరువనే మందమర్రి బొగ్గుగనులు కలవు. భూగర్భమునకు దిగువారి యొద్ద బీడీయు అగ్గిపెట్టెయు నుండరాదు. బొగ్గుపొరలనుండి వెలువడు మీథేను వాయువు గాలితో కలిసి పేరుకొన్నచోట నిప్పురవ్వ తగిలిన ప్రేలును. ఒక్కని యజాగ్రత్త అందరి ప్రాణములు తీయును. కావున నా నిషేధము దొరకును కూలికిని ఒక్కటియే. ఆ సోదా పనివానిని దొంగగా చూడదు. వాని ప్రాణమునే కాచును. అందుచే నెవడును దానిని అవమానముగా తలపడు.

పెద్దలారా, కళ్లము వద్ద మనిషిని కావలి పెట్టునపుడైనను రెండు ప్రశ్నలు వేసికొనుడు. ఈ కావలి పనివానిని కూడ కాచుచున్నదా, లేక వానినుండి మాత్రమే కాచుచున్నదా? కావలికి పెట్టు వ్యయములో కొంత కూలికి చేర్చిన, కావలి యవసరము తగ్గదా? వీనికి బదులు దొరకిన పిదపనే కాపు పెట్టుట వివేకము.