లేయాను చూసిన దేవుడు

ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం వస్తుంది. ఒక సహోదరుడు లేచి కొడుకుకి అమెరికా వీసా వచ్చిందని చెబుతాడు. ఒక సహోదరి కూతురికి మెడిసిన్ సీటు వచ్చిందని చెబుతుంది. ఇంకొకరు సొంత ఇల్లు పూర్తయిందని చెబుతారు. సంఘమంతా స్తోత్రం అంటుంది. అనవలసిందే, ఇచ్చినవాడు దేవుడే. అయితే ఆ సమయంలోనే వెనుక వరుసలో ఒకామె తల వంచుకుని కూర్చుంటుంది. ఆమె కొడుకు ఇంటర్ తప్పాడు. కూతురికి వచ్చిన మూడో సంబంధం కూడా, పిల్ల రంగు తక్కువని కుదరలేదు. “నేను లేచి చెప్పుకోవడానికి ఏముంది? దేవునికి నా మీద ఇష్టం లేదేమో” అని లోపల అనుకుంటుంది. ఆశీర్వాద ప్రార్థన కాగానే ఎవరితోనూ మాట్లాడకుండా చెప్పులు వేసుకుని వెళ్లిపోతుంది.

ఇలాంటి సహోదరి మన సంఘాలన్నిటిలోనూ ఉంది. కొన్నిసార్లు ఆమె స్థానంలో మనమే ఉన్నాం. పరిశుద్ధ గ్రంథంలో ఆమెకు ఒక అక్క ఉంది. ఆ అక్క పేరు లేయా. ఆదికాండము 29 నుంచి 49 వరకు అక్కడక్కడ కనిపించే ఆమె జీవితాన్ని ఈ వారం మనం కలిసి ధ్యానిద్దాం.

పోలికతో మొదలైన కథ

లాబానుకు ఇద్దరు కుమార్తెలు. పెద్దది లేయా, చిన్నది రాహేలు. వాక్యం లేయాను మనకు పరిచయం చేయడమే చెల్లెలితో పోల్చి పరిచయం చేస్తుంది (29:16, 17). రాహేలు అందమైనది. లేయా గురించి చెప్పినది మాత్రం కండ్ల సంగతి ఒక్కటే. మన తెలుగు బైబిలు ఆమె కండ్లకు జబ్బు ఉందన్నట్టు చెబుతుంది. హెబ్రీలో అక్కడున్న మాటకు మెత్తని, సున్నితమైన, బలహీనమైన అనే అర్థాలున్నాయి. అందుకే కొందరు అనువాదకులు దాన్ని లోపంగానూ, మరికొందరు మృదువైన చూపుగానూ తీసుకున్నారు. ఏ అర్థం తీసుకున్నా ఆమె స్థితి మారదు. ఆ ఇంట్లో అందరూ చూసేది చెల్లెలినే.

తరువాత జరిగింది ఇంకా బాధాకరం. యాకోబు రాహేలు కోసం ఏడేళ్లు కొలువు చేశాడు. పెండ్లి రాత్రి లాబాను చీకట్లో లేయాను అతని దగ్గరకు పంపాడు. తెల్లవారి చూసి యాకోబు మోసపోయానని గొడవ పెట్టాడు. పెద్దదానికంటే ముందు చిన్నదాన్ని ఇచ్చే ఆచారం మాకు లేదని లాబాను బదులిచ్చాడు. ఆ వారం పూర్తయ్యాక రాహేలునూ ఇచ్చాడు, అందుకు మరో ఏడేళ్ల పని ఒప్పించుకున్నాడు.

ఈ భాగంలో మోసం చేసింది లాబాను, మోసపోయింది యాకోబు అని మనం చెప్పుకుంటాం. లేయా మనసు గురించి ఎవరూ అడగరు. తండ్రికి ఆమె ఎలాగైనా దించుకోవలసిన భారం. భర్తకు ఆమె తెల్లవారాక ఎదురైన నిరాశ. పెండ్లయిన మరుసటి ఉదయం తన ముఖం చూసి భర్త కోపంతో అరవడం ఒక స్త్రీకి ఎలా ఉంటుందో ఒక్క క్షణం ఆలోచిద్దాం.

పెండ్లిచూపుల్లో కూర్చుని, ‘తరువాత కబురు చేస్తాం’ అనే మాట పదేపదే విన్న ఆడపిల్లలు మన సంఘాల్లో ఉన్నారు. ‘నీ తమ్ముణ్ణి చూసి నేర్చుకో’ అనే మాట వింటూ పెరిగిన మగపిల్లలు ఉన్నారు. వారికి లేయా కథ పాతది కాదు.

నాలుగు పేర్లు

ఇక్కడ మనం గమనించవలసిన వచనం 29:31. లేయా ప్రేమింపబడకపోవడం యెహోవా చూశాడని అక్కడ ఉంది. తండ్రి చూడలేదు, భర్త చూడలేదు, దేవుడు చూశాడు. ఆమె ఒక్క కొడుకునైనా కనకముందు, ఒక్క ప్రార్థన చేసినట్టయినా గ్రంథంలో లేకముందు చూశాడు. ఆమె ఏదో సాధించిందని ఆయన ఆమె వైపు తిరగలేదు. మనం ఎవరమో నిర్ణయించే సంగతి ఇదే: మన గెలుపుకంటే ముందు ఆయన చూపు ఉంది.

ఆ తరువాత ఆమెకు నలుగురు కొడుకులు పుట్టారు. ఆమె పెట్టిన పేర్లు చదివితే ఆమె దినచర్య పుస్తకం చదివినట్టే ఉంటుంది.

మొదటివాడు రూబేను. ‘చూడు, కుమారుడు’ అని ఆ పేరులో వినిపిస్తుంది. దేవుడు నా బాధ చూశాడు, ఇకనైనా నా భర్త నన్ను ప్రేమిస్తాడని ఆమె ఆశపడింది.

రెండోవాడు షిమ్యోను. ఈ పేరు ‘వినడం’ అనే మాటనుంచి వచ్చింది. ప్రేమ దొరకలేదన్న సంగతి దేవుడు విన్నాడని ఆమె చెప్పింది. అంటే మొదటి కొడుకు తరువాత కూడా భర్త మారలేదు.

మూడోవాడు లేవి. ‘హత్తుకోవడం’ అనే మాటతో ఆ పేరుకు సంబంధం ఉంది. ముగ్గురిని కన్నాను, ఇప్పుడైనా నా భర్త నన్ను హత్తుకుని ఉంటాడని అనుకుంది. మొదట ప్రేమను ఆశించిన మనిషి ఇప్పుడు దగ్గర ఉంటే చాలుననే స్థితికి వచ్చింది. ఆశ ఎలా కుంచించుకుపోతుందో చూడండి.

నాలుగోవాడు యూదా. ఈ పేరుకు ‘స్తుతి’ అని అర్థం. ఈసారి ఆమె నోట భర్త మాట లేదు. ఈసారి యెహోవాను స్తుతిస్తానని మాత్రం అన్నది. ఇంటి పరిస్థితి ఏమీ మారలేదు. మారింది ఆమె చూపు ఆనిన చోటు.

స్తుతించిన తరువాత కూడా

చాలా ప్రసంగాలు యూదా దగ్గర ఆగిపోతాయి. వాక్యం అక్కడ ఆగలేదు. కాన్పు ఆగిపోగానే లేయా మళ్లీ పోటీలో పడింది. రాహేలు తన దాసి బిల్హాను యాకోబుకిస్తే, ఈమె తన దాసి జిల్పాను ఇచ్చింది. రూబేను పొలంనుంచి తెచ్చిన పండ్ల కోసం అక్కచెల్లెళ్లు మాటామాటా అనుకున్నారు. నా భర్తను తీసుకున్నది చాలదా అని లేయా నిలదీసింది (30:15). ఆరో కొడుకు జెబూలూను పుట్టినప్పుడు, ఆరుగురిని కన్నాను కాబట్టి ఇకనైనా నా భర్త నాతో ఉంటాడని మళ్లీ అన్నది. రూబేను నాటి ఆశే మళ్లీ పైకి వచ్చింది.

ఈ భాగం మనకు సిగ్గు కాదు, ఆదరణ. ఒక ఆదివారం కన్నీటితో ‘ప్రభువా, నీవే నాకు చాలు’ అని పాడి, బుధవారానికల్లా ఎదురింటివారి కారు చూసి కుంగిపోయిన అనుభవం మనలో ఎవరికి లేదు? అంతమాత్రాన ఆదివారం చేసిన స్తుతి అబద్ధం కాదు. లేయా మళ్లీ జారిపోయిందని దేవుడు యూదాను వెనక్కు తీసుకోలేదు. ఆయన ఆమె మొర మళ్లీ విన్నాడని 30:17 చెబుతుంది. పాత గాయం ఒక్క ఉపవాస కూడికతో మానకపోవచ్చు. మానేదాకా ఆయన విసుక్కోడు.

రాహేలు కూడా ఏడ్చింది

ఇంకో వైపు కూడా చూద్దాం. అందం, భర్త ప్రేమ, రెండూ ఉన్న రాహేలు సంతోషంగా ఉందా? అక్కను చూసి అసూయపడి, నాకు పిల్లలను ఇవ్వకపోతే చస్తానని భర్త మీద పడింది (30:1). లేయాకు రాహేలు ముఖం కావాలి, రాహేలుకు లేయా ఒడి కావాలి. ఒకే ఇంట్లో ఇద్దరూ రెండోవారి దగ్గర ఉన్నదాన్ని చూసి ఏడ్చారు.

సాక్ష్యం చెప్పి కూర్చున్న సహోదరుని ఇంట్లో ఏ కన్నీరు ఉందో వెనుక వరుసలో ఉన్నవారికి తెలియదు. ఇక్కడ ఒక జాగ్రత్త కూడా అవసరం. పిల్లలు కలగడమే దేవుడు చూశాడనడానికి రుజువని ఈ కథనుంచి ఎవరూ తీర్మానించకూడదు. ఏళ్లపాటు ఒడి నిండని రాహేలు కూడా ఆయనకు కనబడుతూనే ఉంది. సంతానం లేని దంపతులను మన మాటలతో గాయపరచవద్దు.

ఆమె చూడని ఫలం

లేయాను యాకోబు చివరికి మనసారా ప్రేమించాడని గ్రంథంలో ఎక్కడా లేదు. ఏశావు నాలుగు వందల మందితో ఎదురు వస్తున్నాడని తెలిసినప్పుడు యాకోబు తన కుటుంబాన్ని వరుసలో నిలబెట్టాడు. దాసీలను ముందు, లేయాను ఆమె పిల్లలను తరువాత, రాహేలును యోసేపును అందరికంటే వెనుక భద్రంగా ఉంచాడు (33:2). తన విలువ ఎంతో లేయాకు, ఆమె పిల్లలకు ఆ రోజు బహిరంగంగా తెలిసిపోయింది.

దేవుని లెక్క వేరుగా నడిచింది. లేవి గోత్రంలో మోషే, అహరోను పుట్టారు. యూదా గోత్రంలో దావీదు పుట్టాడు, శరీరరీతిగా మన ప్రభువైన యేసు ఆ వంశంలోనే వచ్చాడు (మత్తయి 1:2–16). లోకరక్షకుని వంశావళి, ప్రేమకు నోచుకోని భార్య ఒడి గుండా సాగింది. ఇదంతా లేయాకు తెలియదు. ఆమె తెలుసుకోకుండానే కన్నుమూసింది.

ఐగుప్తులో మరణపు మంచం మీద యాకోబు, తనను మక్పేలా గుహలో పాతిపెట్టమని కొడుకులకు ఆజ్ఞాపించాడు. అబ్రాహాము శారాలు, ఇస్సాకు రిబ్కాలు అక్కడే ఉన్నారు, లేయాను నేను అక్కడే పాతిపెట్టాను అన్నాడు (49:31). రాహేలు బేత్లెహేము దారిలో ప్రసవవేదనతో చనిపోయి, ఆ దారిలోనే సమాధి అయింది. పితరుల సమాధిలో యాకోబు పక్కన చోటు లేయాకు దక్కింది. దీన్ని గెలుపుగా చెప్పుకోవడానికి మాకు మనసు రాదు, ఎందుకంటే అవతల చనిపోయింది ఆమె చెల్లెలే. అయితే ఆ కుటుంబంలో ఆమె పేరు చెరిగిపోలేదన్నది నిజం.

పేరు పెట్టి పిలిచే దేవుడు

లేయా తన బాధను పిల్లల పేర్లలో దాచుకుంది. మన తెలుగు పల్లెల్లోనూ పేర్ల వెనుక కన్నీళ్లు ఉన్నాయి. పుట్టిన బిడ్డలు దక్కకపోతే, ఈ బిడ్డనైనా చావు చూడకుండా పోవాలని పెంటయ్య, పెంటమ్మ అని పేరు పెట్టేవారు. పేదవాణ్ణి, తక్కువ కులమన్నవాణ్ణి ఊరి పెద్దలు ‘ఒరే’ అనే పిలిచేవారు, అతని పేరుకు ‘గాడు’ తగిలించేవారు.

అలాంటి మనుషుల మధ్యకు సువార్త వచ్చింది. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగ కుటుంబాలవారు, అప్పుడే గొప్ప కరవునుంచి బయటపడినవారు. మన తాతముత్తాతల ఇళ్లలో కృపావరం, ఆశీర్వాదం, దేవదానం, సువార్తమ్మ వంటి పేర్లు వినిపించడం మొదలైంది. ఆ పేర్లను మనం పాతకాలపు పేర్లని నవ్వుతాం. ‘నీవు దేవుని దానానివి’ అని ఒక బిడ్డను జీవితమంతా పిలవడం ఎంత పెద్ద మాటో ఆ తల్లిదండ్రులకు తెలుసు.

మన సంఘాలు చేయగలిగినవి

మొదటిది, సాక్ష్యాల సమయాన్ని సరిచేసుకుందాం. అందినవాటికి మాత్రమే కాదు, అందనప్పుడు నిలబెట్టినందుకు కూడా స్తోత్రం చెప్పే చోటు ఉండాలి. ‘నా కొడుకు తప్పాడు, మేమింకా ఏడుస్తున్నాం, మాకోసం ప్రార్థించండి’ అని ఒక తల్లి నిర్భయంగా చెప్పగలిగితే అది కూడా సాక్ష్యమే.

రెండోది, పరీక్షా ఫలితాల వారంలో యౌవనస్థుల ఇళ్లకు వెళ్దాం. మార్కులు అడగడానికి కాదు, పక్కన కూర్చోవడానికి. కాపరి, స్త్రీల సమాజం, సండే స్కూలు టీచర్లు ఈ పని పంచుకోవచ్చు.

మూడోది, కుంగిపోయినవారిని ‘నీకు విశ్వాసం తక్కువ’ అని గద్దించవద్దు. చనిపోతే బాగుండునని బదరీ చెట్టు కింద పడుకున్న ఏలీయాకు దేవుడు మొదట పంపినది గద్దింపు కాదు, వేడి రొట్టె, నీళ్లు, నిద్ర (1 రాజులు 19). ఎవరైనా బ్రతకడం ఇష్టం లేదంటే ఆ మాటను తేలికగా తీసుకోకూడదు. ఒంటరిగా విడిచిపెట్టకుండా ప్రార్థించాలి, వైద్యుని దగ్గరకు కూడా తీసుకెళ్లాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ నంబరు 14416, ఉచితంగా మాట్లాడవచ్చు. డాక్టరు దగ్గరకు వెళ్లడం విశ్వాసానికి విరోధం కాదు.

నాలుగోది, మన ఇళ్లలో పోలికలు ఆపుదాం. పిల్లల రంగు గురించి, మార్కుల గురించి మనం సరదాగా అన్న మాటలు వారి లోపల ఏళ్ల తరబడి ఉండిపోతాయి. లాబాను ఇంట్లో మొదలైన పోలిక రెండు తరాలను పీడించింది. యోసేపును అన్నలు గుంటలో పడవేసింది కూడా ఆ గాయం నుంచే.

వచ్చే ఆదివారం ఆశీర్వాద ప్రార్థన అయ్యాక వెంటనే మన స్నేహితుల వైపు తిరగవద్దు. చెప్పుల దగ్గర తొందరగా అడుగులు వేస్తున్న ఆ సహోదరి దగ్గరకు వెళ్దాం. ఆమె పేరు తెలియకపోతే అడిగి తెలుసుకుందాం. ‘బాగున్నావా అమ్మా’ అని అడిగి, ఆమె చెప్పేదాకా ఆగుదాం. దేవుడు ఆమెను ముందే చూశాడు. సంఘం కూడా చూసిందని ఆమెకు తెలియనిద్దాం.