ఇటలీ బాటసారులు చూచిన విజయనగరము

ఇటలీ దేశమునకు విహారము పోయినవారు అచ్చటి ప్రాత నగరములను తీరికగా చూచి వచ్చి, వాని సొగసులను వర్ణించి వ్రాయుట చిరకాలముగా నున్న ఆచారము. రోము, వెనిసు, ఫ్లారెన్సు నగరముల సందుగొందులలో దినముల తరబడి నడచి, ఒక్కొక్క మేడను, ఒక్కొక్క గుడిని నిలిచి చూచుట వారికొక వేడుక. అయిదారు వందల ఏండ్ల క్రిందట ఈ వ్యవహారము తలక్రిందుగా నుండెను. ఆ ఇటలీ నగరముల నుండియే మనుష్యులు బయలుదేరి, సముద్రములు దాటి, మన తుంగభద్రా తీరమునకు వచ్చి, విజయనగరమును చూచి అబ్బురపడి, తమ దేశమువారికి దాని కథ చెప్పిరి. అట్టివారిలో ముగ్గురు ముఖ్యులు. ఒకడు ఆ నగరము పెరుగుచున్నపుడు చూచెను; రెండవవాడు నిండుగా నున్నపుడు చూచెను; మూడవవాడు పాడైన పిదప చూచెను. జవళగేర, సింధనూరు ప్రాంతములలో స్థిరపడిన మన తెలుగు కుటుంబములకు ఆ నగరము ఒక పూట ప్రయాణము. ఆ ముగ్గురి వ్రాతలలోని ముఖ్య విషయములను నోటు పుస్తకమున ఎత్తి వ్రాసికొని, మేము గత దసరా సెలవులలో మనుమలతో కూడ ఆనెగొందిలో బసచేసి, అయిదు దినములు ఆ నగరమును చూచితిమి. అందు గ్రహించిన సంగతులను పాఠకులకు మనవి చేయుచున్నాము.

ముందుగా మన సంగతి ఒక మాట. తుంగభద్ర ఆనకట్టకు 1945వ సంవత్సరమున శంకుస్థాపన జరిగెను. 1953లో కాలువలకు నీరు వదలిరి. కృష్ణా, గుంటూరు, గోదావరి మండలముల నుండి మన పెద్దలు వచ్చి, ఇచ్చటి నల్లరేగడి భూములు కొని, తుమ్మచెట్లు కొట్టి, చదును చేసి, వరి నాటిరి. పాకలతో మొదలైన ‘క్యాంపు’లు నేడు ఊళ్లైనవి. అప్పటికి రాయచూరు జిల్లా హైదరాబాదు రాష్ట్రమున నుండెను. 1956 నవంబరు 1వ తేదీన మైసూరు రాష్ట్రమున చేరెను. ఆ రాష్ట్రమే 1973లో కర్ణాటకమైనది. మన పిల్లలు బడిలో కన్నడము, ఇంట తెలుగు నేర్చుచున్నారు. మూడు తరములు గడచినను, బస్సులోనో సంతలోనో ఎవరైన ‘మీది ఏ ఊరు?’ అని యడిగినచో, పెద్దవారు తెనాలి యనియో గుడివాడ యనియో చెప్పుదురు. పిన్నలు జవళగేర యందురు. ఈ రెండు జవాబులలో ఏది సరియైనదను విచారము మన యిండ్లలో తరచు కలుగుచునే యున్నది. పాత చరిత్ర ఈ విషయమున ఏమి చెప్పునో చూడవలెనను కోరికయే మా ప్రయాణమునకు కారణము.

మొదటి బాటసారి పేరు నికోలో కోంటి. వెనిసు దాపుననున్న కియోజియా అను పట్టణమువాడు. 1419లో బయలుదేరి, ఇరువది అయిదేండ్లు తూర్పు దేశములలో తిరిగి, భార్యాపుత్రులతో మరలి పోవుచుండగా దారిలో మహామారి వలన భార్యను, ఇద్దరు బిడ్డలను పోగొట్టుకొనెను. ప్రాణభయముచే దారిలో మతము మార్చుకొనినందున, తిరిగి వచ్చిన పిదప నాల్గవ యూజీనియసు పోపును క్షమాపణ వేడెను. నీవు చూచినదెల్ల దాచక మా కార్యదర్శికి చెప్పుమని పోపు ఆజ్ఞాపించెను. ఆ కార్యదర్శి పోగ్గియో అను పండితుడు. అతడు లాటిను భాషలో వ్రాసిపెట్టిన దానివలననే కోంటి చూచిన విజయనగరము మనకు తెలియుచున్నది.

కోంటి వచ్చినది సుమారు 1420లో, మొదటి దేవరాయల కాలమున. ఏటవాలు కొండల నడుమ నగరమున్నదనియు, ప్రాకారము కొండల వరకు సాగి లోయలను కూడ లోనికి చేర్చుకొనినదనియు, చుట్టుకొలత అరువది మైళ్లనియు, ఆయుధము పట్టగల పురుషులు తొంబదివేల మంది యుందురనియు అతడు చెప్పెను. పండుగల వర్ణన మరింత ముచ్చటైనది. సంవత్సరాదినాడు జనులు నదీస్నానము చేసి క్రొత్త బట్టలు కట్టి మూడు దినములు పాటలతో, విందులతో గడపుదురట. ఒక పండుగకు గుడుల లోపలను కప్పుల మీదను లెక్కలేనన్ని నూనెదీపములు రేయింబవళ్లు వెలుగునట. మరియొకటి తొమ్మిది దినములు జరుగునట. ఇంకొక పండుగలో దారిన పోవువారిపై, తుదకు రాజురాణులపై గూడ, కుంకుమపువ్వు నీళ్లు చల్లుదురట, అందరును నవ్వుచు దానిని స్వీకరింతురట. ఉగాది, దీపావళి, నవరాత్రులు, వసంతోత్సవము! ఆరు వందల ఏండ్ల నాడు ఒక వెనిసువాడు చూచిన పండుగలనే మన యిండ్లలో నేటికిని జరుపుకొనుచున్నాము.

తెలుగును ‘ప్రాచ్య దేశపు ఇటలీ భాష’ యని ఈ కోంటియే యనెనని లోకమున వాడుక కలదు. ఆ మాట ఎవరిదైనను, అందలి పోలిక మాత్రము నిజము. తెలుగు అజంత భాష. మాటలు అచ్చులతో ముగియును. ఇటలీ భాషలోను సాధారణముగా నంతే. రోమా, మిలానో, నాపోలి, వెనేత్సియా — వారి ఊళ్ల పేర్లను పలికి చూడుడు. మన నోటికి పరాయివిగా తోచవు.

ఇంచుమించు ఆ తరముననే మన తెలుగువాడొకడు ఆ నగరమునకు వచ్చెను. కవిసార్వభౌముడు శ్రీనాథుడు ప్రౌఢదేవరాయల కొలువున గౌడ డిండిమభట్టును వాదమున గెలిచి కనకాభిషేకము పొందెనని మన సాహిత్య చరిత్ర చెప్పును. అయితే ఆ గౌరవము లభించులోపల, అలవాటు లేని వేషము, అలవాటు లేని భోజనము సహించుచు, కన్నడ రాజ్యలక్ష్మికి దీనముగా మొరపెట్టుకొనిన చాటుపద్య మొకటి ఆయన పేర ప్రసిద్ధమై యున్నది. మొదటి పంట చేతికి రాకమునుపు మన తల్లులు జొన్నరొట్టె తిని, మాట తెలియని సంతలో సైగలతో బేరమాడిన దినములను తలచుకొన్నచో, ఆ మొరలోని బాధ మనకు వేరుగా వివరింపవలసిన పని లేదు.

రెండవ బాటసారి లుడోవికో వర్తేమా, బొలోన్యా నగరమువాడు. 1505 ప్రాంతమున, సాళువ వంశము క్షీణించి తుళువ వంశము తలయెత్తుచున్న సమయమున, ఇచ్చటికి వచ్చెను. అతని గ్రంథము 1510లో రోమున అచ్చుపడెను. నగరమునకు మూడు వరుసల ప్రాకారము గలదనియు, చుట్టుకొలత ఏడు మైళ్లనియు, వర్తకమునకు గొప్ప స్థానమనియు, నేల మిక్కిలి సారవంతమనియు, అంత మంచి గాలి తాను మరియెచ్చటను ఎరుగననియు వ్రాసి, ఇది రెండవ స్వర్గముగా తనకు తోచినదనెను. మిలాను నగరమువలె నున్నది, కాని సమతల ప్రదేశమున లేదని తన దేశమువారికి పోలిక చెప్పెను. పిమ్మట 1520 ప్రాంతమున వచ్చిన పోర్చుగీసువాడు డొమింగో పాయెసు కూడ, కొండయెక్కి చూచి, ఇది రోమంత నగరమని వ్రాసెను.

ఆ 1520లోనే శ్రీకృష్ణదేవరాయలు మన రాయచూరు కోటను బిజాపురము వారినుండి గెలిచెను. ఆ కోటయు నాటికి క్రొత్తది కాదు. అందలి నలువది యడుగులకు మించిన ఏకశిలపై నున్న 1294వ సంవత్సరపు శాసనము కాకతీయుల కాలపుది. రాయలు తన ఆముక్తమాల్యదను తెలుగున రచించెను. పెద్దన, తిమ్మనలను పోషించెను. అంతటి తెలుగు అభిమాని 1510లో విరూపాక్షుని గుడియెదుట నిలిపిన శాసనము సంస్కృతమునను కన్నడమునను ఉన్నది. కుమారవ్యాసుడు విడిచిన కన్నడ భారతమును ఆయన కొలువులోని తిమ్మణ్ణ కవి పూర్తిచేసెను. వ్యాసరాయలు, పురందరదాసులు ఆ నగరముననే మెలగిరి. రాజొకడే, నగరమొకటే, భాషలు మాత్రము పెక్కు.

1565 జనవరి 23వ తేదీన జరిగిన యుద్ధమున రామరాయలు మడిసెను. దానిని తల్లికోట యుద్ధమనియు, రక్కసగి-తంగడగి యుద్ధమనియు అందురు. బిజాపురము, అహమ్మదునగరము, గోలకొండ, బీదరు సుల్తానుల సేనలు నగరమును దోచినవి. వారిలో గోలకొండ ఇబ్రహీము కుతుబ్షా పూర్వము ఏడేండ్లు రామరాయల నీడనే తలదాచుకొనినవాడు. తెలుగు కవులచే ‘మల్కిభరాము’ అని పిలిపించుకొని వారిని పోషించినవాడు. కనుక ఆ యుద్ధమును ఒక భాషకును మరియొక భాషకును జరిగిన పోరుగా తలచుట సరికాదు.

మూడవ బాటసారి వచ్చినది ఆ రెండేండ్లకు, 1567లో. అతడు వెనిసు వర్తకుడు చేసారె ఫెదెరీచి. గోవానుండి మూడువందల అరబ్బీ గుఱ్ఱములను రాజునకు అమ్మ దెచ్చిన ఇద్దరు వర్తకులతో కూడ వచ్చెను. తన పని ఒక నెలలో ముగిసినను, దారులలో దొంగల భయముండుటచే ఏడు నెలలు అచ్చటనే నిలువవలసి వచ్చెను. ఆ నిలుకడయే మనకు మేలైనది. నగరము బొత్తిగా నేలమట్టమైనదని నేడు చాలమంది తలచుచుందురు. ఇండ్లు నిలిచియే యున్నవి, కాని శూన్యములు. అందు పులులును ఇతర మృగములును కాపురమున్నవని అతడు వ్రాసెను. చుట్టుకొలత ఇరువదినాలుగు మైళ్లు. తాను రాజాస్థానము లెన్నియో చూచితిననియు, ఇంతటి రాచనగరు ఎందును కానననియు, దానికి వెలుపల అయిదు పెద్ద వాకిళ్లు, లోపల నాలుగు చిన్న వాకిళ్లు గలవనియు లెక్కపెట్టి చెప్పెను. రామరాయల తమ్ముడు తిరుమలరాయలు నగరమును మరల నిలుపజూచి, సాగక, ఆ సంవత్సరమే పెనుకొండకు తరలిపోయిన వార్తయు అతని వ్రాతయందు గలదు. నగరమును చంపినది దోపిడి యొక్కటియే కాదని దీనివలన తెలియును. దారులు చెడి, వర్తకులు రాక, రాజు తరలిపోవుటతో నగరము క్రమముగా ఊపిరి విడిచినది.

జీవితమంతయు దస్త్రములలోని అంకెలు సరిచూచుటయే మా వృత్తి యగుటచే, ఈ మూడు కొలతలు మమ్ము కొంత తొందరపెట్టినవి: అరువది, ఏడు, ఇరువదినాలుగు మైళ్లు! మాతంగ పర్వతము నెక్కి చూచిన పిదప సందేహము తీరినది. 1443లో వచ్చిన పారసీక దూత అబ్దుల్ రజాకు ఈ నగరమునకు ఏడు ప్రాకారములని వ్రాసెను. కొండలను, పొలములను, లోయలను కలుపుకొనిన వెలుపలి గోడను లెక్కించినవాడు ఒక సంఖ్య చెప్పును. నడిబొడ్డును చూచినవాడు మరియొకటి చెప్పును. ఎవరు ఏ వాకిట నిలిచి కొలిచిరో తెలియక అంకెను తప్పుపట్టుట తగదు.

మేము చూచిన క్రమము ఇది. తొలిదినమున ఆనెగొంది: అందలి కోటవాకిలి, గగన మహలు, రంగనాథస్వామి ఆలయము. ఆనెగొంది నగరమునకు తల్లివంటిది. 1997లో కొప్పళ జిల్లా ఏర్పడువరకు అది మన రాయచూరు జిల్లాలోనిదే. రెండవనాడు నది దాటి విరూపాక్షాలయము, హేమకూటము, ఉదయగిరి విజయమునకు గుర్తుగా రాయలు కట్టించిన కృష్ణాలయము, 1528 నాటి ఉగ్రనరసింహ విగ్రహము. మూడవనాడు మహర్నవమి దిబ్బ, హజారరామాలయము, కమలాపురము ప్రదర్శనశాల. నాల్గవ దినమంతయు విఠ్ఠలాలయమునకే సరిపోయెను. అయిదవనాడు మాతంగ పర్వతము, కాలువలు.

ఈ కాలువలను గూర్చి చెప్పక తప్పదు. రాయల కాలమున త్రవ్వించిన తుర్తా కాలువ మొదలగునవి నేటికిని శిథిలముల నడుమ పారుచు అరటితోటలను, వరిచేలను తడుపుచున్నవి. మేడలు కూలినవి, సింహాసనము పోయినది. మడికి పారు నీరు మాత్రము నిలువలేదు. కాలువనీటిని నమ్ముకొని బ్రదుకు మనవారికి హంపిలో రాతిరథముకన్న ఇదియే ముందు చూపదగినది.

విరూపాక్షుని గుడి శాసనమునొద్ద మా మనుమరాలు కన్నడ లిపిని కూడబలుకుకొని కొన్ని అక్షరములు చదివెను. ఆ రాయలు తెలుగున ఏమి వ్రాసెనో మేము చెప్పితిమి. ఆమెకు తెలిసినది మాకు రాదు. మాకు తెలిసినది ఆమెకు రాదు. ఇరువురము కలిసిననే ఆ రాయి మాకు అర్థమైనది. ‘మీది ఏ ఊరు?’ అను ప్రశ్నకు మాకు దొరకిన సమాధానమిది: తెనాలి యనినను జవళగేర యనినను అబద్ధము కాదు. పని మీద వచ్చి నిలిచిపోయినవారితోనే ఈ తీరము ఎప్పుడును నిండినది. వచ్చినవారు ఇచ్చటి నుడి నేర్చిరి, తమ నుడి విడువలేదు. మనమును ఆ రెండింటిలో దేనిని విడిచినను, ఆ నగరములో సగము మనకు మూగయగును.

కావున సమాజము వారికి మా మనవి యొకటి. ఏటేట పిల్లలను ఒక బస్సులో నింపి, ఉదయము తీసికొనిపోయి, రాతిరథము వద్ద ఫోటోలు తీయించి, రాత్రికి మరలించుట చాలదు. ఫెదెరీచివలె ఏడు నెలలు నిలువనక్కరలేదు. దసరా సెలవులలో మూడు రాత్రులు ఆనెగొందిలో బస యేర్పాటు చేయుడు. కన్నడము చదువగల పిల్లనొకతెను, తెలుగు కథ చెప్పగల పెద్దనొకరిని ప్రతి గుంపులోను చేర్చుడు. ఖర్చు లెక్కలు వ్రాయుటకు మేము సిద్ధముగా నున్నాము.