మళ్ళీ పలక పట్టినవారు: హైదరాబాదు పాతబస్తీలో వయోజనుల ఆంగ్లాభ్యాసం – చారిత్రక నేపథ్యం

వ్యాససంగ్రహం:

హైదరాబాదు పాతబస్తీలో పెద్దవయసులో ఇంగ్లీషు అక్షరాలు దిద్దడం మొదలుపెట్టేవారిని చదువురానివారిగా లెక్కగట్టడం పరిపాటి. వారిలో అనేకులు ఉర్దూలోనో, తెలుగులోనో చదవను రాయను వచ్చినవారే. అక్షరాస్యుడైన మనిషి తిరిగి ప్రారంభకుడు కావడానికి వ్యక్తిగత సామర్థ్యలోపం కంటె పాలనాభాషల మార్పే ప్రధాన కారణమని, అందులోనూ 1948 తరువాతి మార్పు నిర్ణాయకమైందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. తెలంగాణ భాషాచరిత్రను తెలుగు – ఉర్దూ సంఘర్షణగా మాత్రమే చదివే అలవాటువల్ల ఇంగ్లీషు పాత్ర మన పరిశోధనలో మరుగునపడిన తీరును చర్చిస్తుంది.

కీలకపదాలు: పాతబస్తీ, వయోజన విద్య, ఆంగ్లభాషాబోధన, ఉర్దూ మాధ్యమం, ముల్కీ ఉద్యమం, దక్కనీ, తెలంగాణ తెలుగు.

1. ఉపోద్ఘాతం

చార్మినారుకు నడకదూరంలోని ఒక గల్లీలో, పగలు కుట్టుపని నేర్పే గదిలోనే సాయంకాలం పెద్దవాళ్ళకు ఇంగ్లీషు నేర్పుతారు. తెలంగాణలో ఉర్దూ పదాల వాడుకను గురించి సమాచారం సేకరిస్తూ నేను కొన్ని నెలలపాటు ఆ తరగతిలో వెనుక వరుసలో కూర్చున్నాను. గాజుల దుకాణంలో పనిచేసేవారు, గల్ఫ్ దేశాలకు వెళ్ళి వచ్చినవారు, పిల్లలను ఇంగ్లీషు మాధ్యమం బడిలో వేసి వారి డైరీలో టీచరు రాసింది చదవలేక ఇబ్బందిపడే తల్లులు అక్కడి అభ్యాసకులు. ఎంతవరకు చదువుకున్నారని అడిగితే ఎక్కువమంది ఇచ్చిన జవాబు ఒక్కటే: "చదువు రాదు". ఆ మాట చెప్పిన ఒక పెద్దాయన చేతిలో అప్పటికే మడతపెట్టిన ఉర్దూ దినపత్రిక ఉంది. మొదటి పుట నుంచి చివరి పుట దాకా ఆయన రోజూ చదువుతాడు.

జనగణన నిర్వచనం ప్రకారం ఏడేళ్ళు పైబడి, ఏదైనా ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవను, రాయను వచ్చిన వ్యక్తి అక్షరాస్యుడు. ఆ లెక్కన ఈయన అక్షరాస్యుడే. బ్యాంకు కిటికీ దగ్గర, ఆసుపత్రి చీటీ ముందు, పిల్లల బడి గేటు దగ్గర మాత్రం కాదు. ఈ రెండు లెక్కల మధ్య దూరం ఎప్పుడు, ఎలా ఏర్పడిందన్నది ఈ వ్యాసానికి మూలమైన ప్రశ్న.

2. నదికి అవతలి భాష

పాతబస్తీ మూసీకి దక్షిణాన ఉంది. గోలకొండ కోటనుంచి వచ్చే దారికోసం 1578లో పురానాపూల్ కట్టారు, 1591లో చార్మినారు వెలసింది. దర్బారు, దేవిడీలు, మదర్సాలు, బజార్లు అన్నీ ఈ ఒడ్డునే పెరిగాయి. ఇంగ్లీషు వినిపించిన చోట్లు దాదాపు అన్నీ ఆవలి ఒడ్డువి: కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ, దాన్ని ఆనుకొని పెరిగిన సుల్తాన్‌బజారు, ఆపైన సికింద్రాబాదు కంటోన్మెంటు. 1834 నాటి సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూలు, మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా 1887లో ఏర్పడిన నిజాం కళాశాల కూడా ఆవైపువే. నగర ప్రజకు ఇంగ్లీషు అన్నది చాలాకాలం వంతెన దాటితే వినబడే భాష. దొరల బిడ్డలకు ఇళ్ళకు వచ్చి చెప్పే గురువులు ఉండేవారు కాని, అది బజారు మనిషికి సంబంధించిన సంగతి కాదు.

ఈ భౌగోళికాంశం చిన్నదేమీ కాదని నా అభిప్రాయం. కోస్తాంధ్రలో కంపెనీ కచేరీలూ మిషనరీ బడులూ పంతొమ్మిదో శతాబ్ది తొలి దశకాలనుంచే ఇంగ్లీషును జీవనోపాధి చేశాయి. గురజాడ గిరీశాన్ని సృష్టించే నాటికి అక్కడి తెలుగు పాఠకుడికి ఇంగ్లీషు ముక్కల డాంబికం నవ్వుకోదగినంత పరిచితమై ఉంది. నవ్వాలంటే ముందు తెలిసి ఉండాలి కదా. మూసీ దక్షిణతీరానికి ఇంగ్లీషు అంత నిదానంగా రాలేదు.

3. గద్దె మారినప్పుడు

1880ల మధ్యలో నిజాం ప్రభుత్వం ఫారసీ స్థానంలో ఉర్దూను పాలనాభాషగా చేసుకుంది. ఆ మార్పు మున్షీలను, వకీళ్ళను తిరిగి బడికి పంపలేదు. లిపి దాదాపు అదే, దఫ్తరు పదజాలం అదే. క్రియలు, విభక్తులు మాత్రం మారాయి. 1917లో అనువాద విభాగం దారుల్ తర్జుమా, మరుసటి ఏడు ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడి, ఆధునికశాస్త్రాలను ఒక భారతీయభాషలో బోధించే పెద్ద ప్రయోగం ఆరంభమైంది. చరిత్ర మొదలుకొని వైద్యం, ఇంజనీరింగు, న్యాయశాస్త్రం దాకా ఉర్దూలో చెప్పారు. ఇంగ్లీషు తప్పనిసరి భాషగా పాఠ్యప్రణాళికలో ఉంది. పట్టా పొందేవాడికి ఇంగ్లీషు ఒక పాఠం, ఉర్దూ బతుకుతెరువు.

ఈ వ్యవస్థలో తెలుగుకు జరిగిన అన్యాయం వాస్తవం. 1921 నవంబరులో హైదరాబాదులో జరిగిన సంఘసంస్కార సభలో తెలుగులో మాట్లాడబోయిన ఆలంపల్లి వెంకటరామారావును గేలిచేసిన ఘటన, దాని ఫలితంగా ఆంధ్రజనసంఘం పుట్టుక మనకు సుపరిచితాలు. మాడపాటి హనుమంతరావు గ్రంథం మొదలుకొని తెలంగాణ ఆంధ్రోద్యమ చరిత్ర అంతా ఆ అవమానాన్ని కేంద్రంగా చేసుకొని నడిచింది, అలా నడవడం సహజం కూడా. అయితే ఆ కథనరీతి ఒక తప్పు నిర్ధారణకు దారితీసింది. 1948 సెప్టెంబరుతో ఉర్దూ దిగింది కనుక తెలుగు ఎక్కిందని మనం చదువుకున్నాం, చెప్పుకున్నాం. ఉర్దూ ఖాళీచేసిన కుర్చీలో వెంటనే కూర్చున్నది తెలుగు కాదు, ఇంగ్లీషు.

ఉస్మానియాలో బోధనామాధ్యమం ఇంగ్లీషైంది. సచివాలయంలో దస్త్రాల భాష ఇంగ్లీషైంది. 1950 జనవరి 26న అమలులోకి వచ్చిన రాజ్యాంగం 348వ అధికరణం ద్వారా, పార్లమెంటు వేరుగా చట్టం చేసేవరకు హైకోర్టుల వ్యవహారమంతా ఇంగ్లీషులో సాగాలని నిర్దేశించింది. హైదరాబాదు హైకోర్టు భవనం పాతబస్తీ అంచున, మూసీ దక్షిణపు ఒడ్డున ఉంది. అంతవరకూ ఆ భవనంలో ఉర్దూలో వాదనలు సాగాయి, ఉర్దూలో తీర్పులు వెలువడ్డాయి. ఉర్దూలో న్యాయశాస్త్రం చదివి ఇరవయ్యేళ్ళు వాదించిన వకీలుకు చట్టం తెలుసు, తన కక్షిదారు తెలుసు, న్యాయమూర్తి స్వభావం కూడా తెలుసు. ఇంగ్లీషు ధారాళంగా రాకపోతే అవన్నీ ఒక్కసారిగా చెల్లని నాణేలయ్యాయి. 1949 ఆగస్టులో జాగీర్ల రద్దుతో ఆ కచేరీల గుమాస్తాలు, మున్షీలు కూడా కొలువులు వెతుక్కోవలసివచ్చింది. వారి చేతిలో ఉన్న విద్య ఉర్దూ దస్తూరి. మునుపటి మార్పుతో పోలిస్తే ఇది వేరే జాతి మార్పు: ఈసారి లిపి, రాత నడిచే దిక్కు, దఫ్తరు పదజాలం మూడూ ఒకేసారి మారాయి.

భాష పోయినా భూమి రికార్డులో మాట పోలేదన్నది ప్రత్యేకంగా గమనించదగ్గది. సేత్వార్, పహాణీ, ఫౌతీ నేటికీ రెవెన్యూ తెలుగులో బతికే ఉన్నాయి. 1954–55 నాటి ఖాస్రా పహాణీ లేకుండా తెలంగాణలో భూవివాదం తేలదు. పాత దస్తావేజు చదివిపెట్టడానికి ఉర్దూ వచ్చిన ముసలివాళ్ళకోసం వెతికే అధికారులే, దరఖాస్తు నింపడం దగ్గర అదే ముసలివాళ్ళను చదువురానివారంటారు.

4. 'గో బ్యాక్'

ఇంగ్లీషు వచ్చినవారి అవసరం హఠాత్తుగా పెరగడంతో మద్రాసు రాష్ట్రంనుంచి, ఇతర ప్రాంతాలనుంచి ఉద్యోగులు, ఉపాధ్యాయులు వచ్చారు. స్థానికుల ఉద్యోగాల రక్షణకు 1919 నాటి ఫర్మానాతో వచ్చిన ముల్కీ నిబంధనలు ఉన్నా బోగస్ ధ్రువపత్రాలతో వాటిని దాటారన్నది నాటి ప్రధాన ఆరోపణ. 1952లో వరంగల్లులో మొదలైన విద్యార్థుల ఆందోళన హైదరాబాదుకు పాకింది. సెప్టెంబరు మొదటి వారంలో సిటీ కళాశాల వద్ద పోలీసులు కాల్పులు జరిపారు. జస్టిస్ పింగళి జగన్మోహన్‌రెడ్డి ఆ కాల్పులపై విచారణ జరిపారు.

సిటీ కళాశాల హైకోర్టు పొరుగునే ఉంది. దారుల్ ఉలూమ్ సంప్రదాయంనుంచి ఎదిగి 1921లో ఇప్పటి భవనంలోకి వచ్చిన విద్యాసంస్థ అది. ముల్కీ ఉద్యమాన్ని ఉద్యోగాల పోరాటంగా, ప్రాంతీయ ఆత్మగౌరవ పోరాటంగా విశ్లేషించిన రచనలు చాలా ఉన్నాయి. భాషాబోధకుడిగా నన్ను ఆపేది ఆ ఉద్యమ నినాదం: 'నాన్-ముల్కీ గో బ్యాక్'. ఉర్దూలో చదువుకున్న విద్యార్థులు, ఇంగ్లీషు వచ్చినందుకు ఉద్యోగం పొందినవారిని వెళ్ళిపొమ్మని ఇంగ్లీషులో అరిచారు. 'ముల్కీ' అరబీ మూలం మాట, మిగిలిందంతా ఇంగ్లీషు. ఎవరిని ఉద్దేశించి అంటున్నామో వారి భాషలో, పాలకులకూ పత్రికలకూ అర్థమయ్యే భాషలో అనడం వ్యూహమే కావచ్చు. అయితే నాలుగేళ్ళలోనే నిరసన తెలపడానికి కూడా ఇంగ్లీషు అక్కరకు వచ్చే స్థితి ఏర్పడిందని ఆ నినాదమే సాక్ష్యమిస్తున్నది.

1956 ఫిబ్రవరి నాటి పెద్దమనుషుల ఒప్పందం తెలంగాణలో ఉర్దూ స్థానాన్ని అయిదేళ్ళు కొనసాగించమంది. ఉద్యోగంలో చేరేటప్పుడు తెలుగు రావాలని పట్టుబట్టరాదని, చేరిన రెండేళ్ళలో తెలుగు పరీక్ష ప్యాసైతే చాలని కూడా చెప్పింది. తెలుగు నేర్చుకోవడానికి రెండేళ్ళు, ఉర్దూ మరవడానికి అయిదేళ్ళు. ఇంగ్లీషుకు అలాంటి గడువేదీ ఆ పత్రంలో లేదు. అది అందరికీ ముందే వచ్చి ఉండాలన్నది ఎవరూ రాయని షరతు. 1958లో కేంద్ర ఆంగ్లభాషాసంస్థ హైదరాబాదులోనే వెలిసింది. నేటి ఇఫ్లూకు అదే మూలం. దాని ప్రధానలక్ష్యం ఉపాధ్యాయులకు శిక్షణ. 1978 అక్టోబరులో ఆరంభమైన జాతీయ వయోజన విద్యాకార్యక్రమం 15–35 ఏళ్ళ నిరక్షరాస్యులను ఉద్దేశించింది. ఉర్దూ చదవగల నలభయ్యేళ్ళ గుమాస్తా ఆ రెండు తలుపుల్లో దేనికీ చెందడు.

5. ఒకే బల్లపై రెండు నాలుకలు

ఇక తరగతి విషయం. తొలిరోజే కనిపించేది నోటుపుస్తకం తెరిచే తీరు. ఉర్దూ చదివినవారు కుడినుంచి ఎడమకు రాస్తారు కనుక పుస్తకాన్ని మనం వెనుక అట్ట అనుకునే వైపునుంచి తెరుస్తారు. బోధకులు దాన్ని తప్పుగా సరిచేసి ముందుకు పోతారు. నిజానికి అది, ఈ మనిషి ఇంతకుముందే ఒక లిపిని సాధించాడని చెప్పే తొలి గుర్తు.

ఉచ్చారణలో మరింత ఆసక్తికరమైన విషయముంది. తెలుగు అజంతభాష, అందుకే బస్, రోడ్ మన నోట బస్సు, రోడ్డు అవుతాయి. దక్కనీ మాట్లాడేవారికి పదాంతంతో ఇబ్బంది లేదు, పదాదిలోని సంయుక్తాక్షరమే ఇబ్బంది: ఇస్కూల్, ఇస్టేషన్. తెలంగాణ పల్లెతెలుగులోని 'ఇస్కూలు' అన్న మాటలో ఈ రెండూ కలిశాయి. తల ఉర్దూది, తోక తెలుగుది అనవచ్చు. అయితే పదాది సంయుక్తాన్ని విడగొట్టే అలవాటు ద్రావిడభాషల్లోనూ ఉంది కనుక తొలి ఇకారం పూర్తిగా ఉర్దూ ప్రభావమేనని తీర్మానించడం తొందరపాటు. 'జీరో'లోని తొలి ధ్వని ఉర్దూ తెలిసినవారికి పుట్టుకతో వచ్చింది, తెలుగువారికి కసరత్తు. ఒకే బల్లపై కూర్చున్న ఇద్దరిలో ఒకరికి రానిది రెండోవారికి ముందే వచ్చు. బోధకుడు దాన్ని వాడుకుంటే పాఠంలో సగం పని తగ్గుతుంది. నేను చూసినంతలో వాడుకోలేదు. పాఠం పిల్లల పుస్తకంలోని యాపిల్, బాల్, క్యాట్‌తోనే మొదలైంది. రోజూ మార్కెట్లో పండ్లు టోకున కొనే మనిషి యాపిల్ బొమ్మకు రంగు వేశాడు.

వాక్యంలో ఇద్దరి కష్టమూ ఒకటే. తెలుగులోనూ ఉర్దూలోనూ క్రియ చివర వస్తుంది. పైగా తెలుగు 'అని' వాక్యాల నమూనాపై దక్కనీ 'బోల్‌కే' ప్రయోగాన్ని పెంచుకుంది: 'వస్తానని చెప్పాడు' అన్నదానికి 'ఆతూఁ బోల్‌కే బోలా'. ఉత్తరాది ఉర్దూలో ఈ పని 'కి' చేస్తుంది. కనుక పరోక్షకథనం నేర్పేటప్పుడు పాతబస్తీలో తెలుగువారికీ దక్కనీవారికీ ఒకే వివరణ సరిపోతుంది, లక్నో వారికోసం రాసిన ఉర్దూ గైడు ఇక్కడ అంతగా పనిచేయదు. నాలుగు వందల ఏళ్ళ సహజీవనం తయారుచేసిపెట్టిన ఈ బోధనాసామగ్రిని ముప్ఫై రోజుల్లో ఇంగ్లీషు నేర్పుతామనే పుస్తకాలు ఎలాగూ పట్టించుకోవు. తెలుగుశాఖలు, ఉర్దూశాఖలు వేర్వేరు అంతస్తుల్లో ఉన్నంతకాలం మన పరిశోధన కూడా పట్టించుకోలేదు. ఈ లోపంలో నా వాటా నాకుంది.

6. దరఖాస్తు పాఠం

నేను హాజరైన చివరి తరగతిలో దరఖాస్తు నింపడం నేర్పారు. పేరు, చిరునామా, పుట్టినతేది గడులు పూర్తయ్యాయి. తరువాతి గడి 'తెలిసిన భాషలు'. ఇళ్ళలో దక్కనీ, బజారులో తెలుగు, పత్రికలో ఉర్దూ, ప్రార్థనలో అరబీ ఎరిగినవారు, టీవీలో హిందీ వినేవారు, మరాఠీ ఇరుగుపొరుగుతో ఇబ్బందిలేకుండా మాట్లాడేవారు ఆ గదిలో ఉన్నారు. చాలామంది ఆ గడిని ఖాళీగా వదిలేశారు. ఖాళీ వదలవద్దని బోధకురాలు చెప్పాక, ఉర్దూ పత్రిక తెచ్చుకునే పెద్దాయన కాసేపు ఆలోచించి, ఎడమనుంచి కుడికి, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ రాశాడు: 'ఇంగ్లీష్ – లిటిల్'.