సరిహద్దు గ్రామాల ప్రాథమికోన్నత పాఠశాల: చదువూ, బాలల క్షేమమూ

ఆరవ తరగతి నుండి ఎనిమిదవ తరగతి వరకు గల దశను ప్రాథమికోన్నత దశ అంటారు. సాధారణంగా పదకొండు నుండి పద్నాలుగేళ్ళ బాలబాలికలు ఈ తరగతులలో ఉంటారు. ఈ దశను బోధించే బడికి కర్ణాటకలో హైయర్ ప్రైమరీ అనీ, తమిళనాడులో నడునిలైప్పళ్ళి అనీ, ఒడిశాలో ఎం.ఇ. స్కూలు అనీ, మహారాష్ట్రలో ఉచ్చ ప్రాథమిక శాల అనీ పేర్లు వాడుకలోనికి వచ్చాయి. పేరు ఏదైనా, సరిహద్దు గ్రామాల తెలుగు పిల్లలకు ఇది కీలకమైన మలుపు. అయిదవ తరగతి వరకు తల్లిభాషలో చదివిన బిడ్డ చాలాచోట్ల ఆరవ తరగతిలో రాష్ట్రభాషలోనో ఆంగ్లంలోనో చదవవలసి వస్తుంది. ఒకే ఉపాధ్యాయుని స్థానంలో విషయానికొకరు వస్తారు. బడి దూరమవుతుంది. దేహంలోనూ మనస్సులోనూ మార్పులు వచ్చేది కూడా ఈ వయస్సులోనే.

ఇన్ని మార్పుల నడుమ వెనుకబడిన బిడ్డను చూసి "వీడికి చదువు అబ్బలేదు" అని పనికి పంపడం, ఆడపిల్లయితే పెళ్ళి మాట తలపెట్టడం అక్కడక్కడ నేటికీ కనిపిస్తున్నది. అయితే కారణం చాలాసార్లు బిడ్డ తెలివిలో ఉండదు. చదవడంలోని పునాది లోపం, భాష మార్పు, ఆకలి, అనారోగ్యం, భయం – వీటిలో ఏదో ఒకటి ఎవరి దృష్టికీ రాకుండా ఉండిపోతుంది. దానిని గుర్తించి సరిచేసే బడిలో మార్కులూ పెరుగుతాయి, పిల్లల మనస్సులూ కుదుటపడతాయి.

చట్టం ఏమి చెబుతున్నది?

1956లో ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణం, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధన కల్పించవలెనని రాష్ట్రాలకు నిర్దేశిస్తున్నది. ఈ నిర్దేశం ప్రాథమిక దశకే పరిమితం. ఆరవ తరగతిలో మాధ్యమం మారిపోవడానికి ఇదొక కారణం. అయితే 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టంలోని 29వ విభాగం, సాధ్యమైనంత వరకు బోధన మాతృభాషలోనే ఉండవలెనని చెబుతున్నది. అది ఎనిమిదవ తరగతి వరకు వర్తిస్తుంది.

రాష్ట్రభాష నేర్వడం కూడా నేడు తప్పనిసరి. తమిళనాడులో 2006 నాటి చట్టం తమిళాన్నీ, కర్ణాటకలో 2015 నాటి చట్టం కన్నడాన్నీ, మహారాష్ట్రలో 2020 నాటి చట్టం మరాఠీనీ బడులలో నిర్బంధ పాఠ్యాంశాలుగా చేశాయి. యానాం పరిస్థితి వేరు. అక్కడి ప్రభుత్వ పాఠశాలలు దీర్ఘకాలం ఆంధ్రప్రదేశ్ పాఠ్యప్రణాళికను అనుసరించి, ఇటీవలి సంవత్సరాలలో సి.బి.ఎస్.ఇ. పద్ధతికి మారాయి. కనుక తెలుగా, రాష్ట్రభాషా అన్న వాదన కన్న రెండింటినీ బిడ్డకు ఎట్లా అందించాలన్నదే ఆలోచించవలసిన విషయం.

వెనుకబాటును ముందే గుర్తించుట

2018 నాటి అసర్ నివేదిక ప్రకారం, దేశంలోని గ్రామీణ ప్రాంతాలలో ఎనిమిదవ తరగతి పిల్లలలో సుమారు 73 శాతం మంది మాత్రమే రెండవ తరగతి పాఠాన్ని చదవగలిగారు. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవారు 44 శాతం. చదవడమే రాని బిడ్డ ముందు సామాన్యశాస్త్ర పాఠం ఎంత బాగా చెప్పినా ప్రయోజనం స్వల్పం.

అందుచేత మంచి బడి విద్యా సంవత్సరారంభంలోనే ఒక్కొక్క బిడ్డను విడిగా కూర్చోబెట్టి చదివిస్తుంది. రెండవ తరగతి వాచకంలో ఒక పుట, 875ను 7తో భాగించే లెక్క – ఈ రెండూ చాలు. తరువాత తరగతితో నిమిత్తం లేకుండా, అక్షరాల దగ్గర ఆగినవారిని ఒక జట్టుగా, మాటలు చదివేవారిని ఒక జట్టుగా, వాక్యాలు చదివేవారిని మరొక జట్టుగా చేసి, రోజుకొక గంట వారి స్థాయిలోనే బోధిస్తుంది. ప్రథమ్ సంస్థ వ్యాప్తిలోనికి తెచ్చిన ఈ పద్ధతిని, 2019లో ఆర్థికశాస్త్ర నోబెల్ బహుమతి పొందినవారిలోని అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ దుఫ్లో తమ సహచరులతో కలిసి క్షేత్రస్థాయిలో పరీక్షించారు. వెనుకబడిన పిల్లల పఠన సామర్థ్యం దీనివలన పెరుగుతున్నట్లు తేలింది. ఆ పరీక్షలు ఎక్కువగా అయిదవ తరగతి లోపు పిల్లలపైన జరిగినా, ఆరవ తరగతి తొలి నెలలలోనూ ఈ పద్ధతి అనుసరణీయమే.

లెక్క రాకనా, మాట తెలియకనా?

తెలుగులో వైశాల్యం అన్నదానిని కన్నడంలో విస్తీర్ణ అనీ, తమిళంలో పరప్పళవు అనీ, మరాఠీ, ఒడియాలలో క్షేత్రఫళ అనీ అంటారు. తెలుగు భిన్నం కన్నడంలో భిన్నరాశి, తమిళంలో పిన్నం, మరాఠీలో అపూర్ణాంక, ఒడియాలో భగ్నాంశ అవుతుంది. పొడవును వెడల్పుతో గుణించడం చక్కగా తెలిసిన బిడ్డ కూడా ప్రశ్నలోని ఈ ఒక్క మాట తెలియక సున్నా తెచ్చుకోవచ్చు. అప్పుడు లోపం లెక్కలో లేదు, మాటలో ఉన్నది.

బిడ్డ వీధిలో రాష్ట్రభాష ధారాళంగా మాట్లాడుతున్నంత మాత్రాన పాఠ్యభాష వచ్చినట్లు కాదు. సంభాషణ భాష సుమారు రెండేళ్ళలో పట్టుబడినా, పాఠాలకు కావలసిన భాష రావడానికి అయిదు నుండి ఏడేళ్ళు పట్టవచ్చునని కెనడా భాషావేత్త జిమ్ కమిన్స్ వివరించారు. ఒక భాషలో గట్టిగా నేర్చిన చదువు రెండవ భాషకు తోడ్పడుతుందన్నది కూడా ఆయన సిద్ధాంతమే. కనుక ఇంట్లో తెలుగు చదివించడం రాష్ట్రభాషకు అడ్డు కాదు.

ఆచరణలో మూడు పనులు మేలు చేస్తాయి. ప్రతి పాఠంలోని కొత్త పారిభాషిక పదాలను రెండు భాషలలో గోడపట్టికగా వ్రాయించడం మొదటిది. కొత్త భావాన్ని ముందు తెలుగులో చర్చించి, తరువాత పరీక్ష భాషలో వ్రాయించడం రెండవది. రెండు భాషలూ వచ్చిన పిల్లలను రానివారి పక్కన కూర్చోబెట్టడం మూడవది.

భోజనమూ, ఆరోగ్యమూ

2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుతో ప్రాథమిక బడులలో వండిన మధ్యాహ్న భోజనం హక్కుగా మారింది. 2008-09 నాటికి ప్రాథమికోన్నత తరగతులకూ దేశమంతటా విస్తరించింది. ఈ తరగతుల పిల్లవానికి రోజుకు 150 గ్రాముల ధాన్యం, 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలతో 700 కేలరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు అందవలెనని నిబంధన. పళ్ళెంలో అది ఉన్నదో లేదో తల్లులు వంతులవారీగా వెళ్ళి చూడవచ్చు.

రక్తహీనత గల బిడ్డ తరగతిలో నిద్రమత్తుగా కనిపిస్తుంది. దానిని సోమరితనమని పొరపడరాదు. ఆరవ తరగతి మొదలు వారానికొకసారి ఇచ్చే ఇనుము, ఫోలిక్ ఆమ్లం గల నీలి మాత్రను భోజనం తరువాతనే మింగించాలి. ఖాళీ కడుపుతో వేసుకుంటే వికారం కలుగవచ్చు. మలం నల్లబడినా భయపడనక్కరలేదు. నులిపురుగుల మాత్ర సాధారణంగా ఫిబ్రవరి, ఆగస్టు నెలలలో ఇస్తారు. నల్లబల్ల మీది వ్రాతను తప్పుగా ఎక్కించుకునే బిడ్డకు ముందు కంటిచూపు పరీక్షించాలి. ఆడపిల్లలకు విడిగా, నీటి వసతితో కూడిన మరుగుదొడ్డి లేకపోతే నెలనెలా కొన్ని రోజుల చదువు పోతుంది. విడి మరుగుదొడ్లు చట్టం నిర్దేశించిన వసతియే, దయతో ఇచ్చేది కాదు.

భయం లేని బడి

విద్యాహక్కు చట్టం 17వ విభాగం శారీరక దండననూ, మానసిక వేధింపునూ నిషేధించింది. యాసను, ఇంటిపేరును, కులాన్ని, పుట్టిన ఊరిని పట్టుకొని ఎగతాళి చేయడం కూడా బిడ్డను బడికి దూరం చేస్తుంది. సరిహద్దు బడులలో "తెలుగోడు" అన్న పిలుపు ఒక్కొక్కప్పుడు బెత్తం కన్న గట్టిగా తగులుతుంది. రోజూ ఒక్కసారైనా ప్రతి బిడ్డనూ పేరు పెట్టి పలకరించే ఉపాధ్యాయుడు, ఆటల గంటను లెక్కల గంటగా మార్చని ప్రధానోపాధ్యాయుడు ఉన్న బడిలో పిల్లలు నిలుస్తారు. ఆపదలో ఉన్న బాలల కొరకు 1098 నంబరుకు ఫోను చేయవచ్చు.

హాజరు

ప్రాథమికోన్నత తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు, 1000 బోధనా గంటలు ఉండవలెనని చట్టం. వారానికి ఆరు పనిదినాల లెక్కన, వారానికొక్క రోజు మానినా 36 రోజులకు పైగా పోతాయి. కోతల కాలంలో, వలసల కాలంలో మానిన పిల్లల పేర్లు కొట్టివేయకుండా, తిరిగి రాగానే వదిలిన పాఠాలు చెప్పడం బడి బాధ్యత. ఎనిమిదవ తరగతి ముగిసే వరకు ఏ బిడ్డనూ బడి నుండి తొలగించరాదు. 2019 సవరణ తరువాత అయిదు, ఎనిమిది తరగతులలో పిల్లలను నిలిపివేయవచ్చునా అన్నది రాష్ట్రాల నిర్ణయానికి వదిలినారు. తప్పిన బిడ్డకు అదనపు బోధన, రెండు నెలలలో మరొక పరీక్ష తప్పక కల్పించాలి.

తల్లిదండ్రుల స్థానం

ప్రభుత్వ పాఠశాలలోని నిర్వహణ కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు లేక సంరక్షకులే ఉండాలి. మొత్తం సభ్యులలో సగం మంది స్త్రీలు కావాలి. బడి అభివృద్ధి ప్రణాళికను తయారు చేసేది ఈ కమిటీయే. సమావేశానికి పోయినప్పుడు "మా వాడు ఎట్లా చదువుతున్నాడు సార్?" అని మాత్రమే అడిగితే "పరవాలేదు" అన్న జవాబే వస్తుంది. మా బిడ్డ ఏ స్థాయి పాఠం చదువగలుగుతున్నది? ఈ నెల ఎన్ని రోజులు వచ్చింది? లెక్కల మాస్టారి ఖాళీ ఎప్పుడు భర్తీ అవుతుంది? తెలుగు వాచకాలు అందినవా? ఈ ప్రశ్నలు అడిగి, జవాబులను సమావేశపు పుస్తకంలో వ్రాయించాలి.

చదువు రాని తల్లి కూడా సాయంత్రం పది నిమిషాలు బిడ్డను ఎదుట కూర్చోబెట్టుకొని పాఠం బిగ్గరగా చదివించి, అర్థం తెలుగులో చెప్పించుకోవచ్చు. తడుముకుంటే మరునాడు మాస్టారికి తెలియజేయవచ్చు. ఆరవ తరగతిలో ఆ తడబాటును పట్టుకుంటే కొన్ని నెలల శ్రమతో సరిదిద్దవచ్చు. ఎనిమిదవ తరగతి దాటిన తరువాత అదే తడబాటు బిడ్డను బడి నుండే దూరం చేసే ప్రమాదం ఉన్నది.